మన యింటి కవిలెలో లేని పేళ్లు

గత సంవత్సరము మా నాయనమ్మగారి ఆబ్దికమునాడు జరిగిన యొక చిన్న సంగతి ఈ వ్యాసమునకు కారణమైనది. మాది నల్లగొండ ప్రాంతమునందలి యొక పల్లె. మా తండ్రిగారు నలువది సంవత్సరములకు పూర్వము ఆ పల్లెను విడిచి హైదరాబాదునకు తూర్పుననున్న చంపాపేటలో కాపురము పెట్టిరి. మొన్నమొన్నటివరకు మా యింటి పితృకార్యములను మా యూరి పురోహితులే వచ్చి నడపుచుండిరి. మా వంశపు పేళ్లన్నియు వారికి కంఠస్థములు. వారు కాలము చేసిన పిదప ఈ పేటలోనే యున్న యొక యువపురోహితుని పిలిచితిమి. ఆయన సంకల్పము చెప్పి, మాతృ, పితామహి, ప్రపితామహి అను మూడు తరముల స్త్రీల పేళ్లు చెప్పుడని మా తండ్రిగారి నడిగెను.

మా తండ్రిగారు తల్లి పేరును, నాయనమ్మ పేరును చెప్పిరి. మూడవ పేరు వచ్చునప్పటికి ఆగిపోయిరి. నా వైపు చూచిరి, నేనేమి చెప్పగలను? వంటయింటినుండి మా తల్లిగారు తొంగిచూచి, తనకును తెలియదనిరి. పురోహితుడు మంచివాడు, మమ్ము చిన్నబుచ్చక ఏదో యొక దేవత పేరు చేర్చి కార్యము ముగించెను. పిండము పెట్టినందుకు లోపము లేకపోవచ్చును. కాని పెట్టినది ఎవరికో మాలో నొక్కరికిని తెలియదు.

ఆ సాయంకాలము నేను మా యింటి పాత పెట్టె తెఱచితిని. మా పూర్వులు తరతరములుగా పట్వారీలు. 1984లో పటేలు పట్వారీల వ్యవస్థ రద్దగువరకు ఆ యధికారము మా యింటనే యుండెను. కావున మా పెట్టెలో కాగితములకు కొదువలేదు. సేత్వారు నకళ్లు, పహాణీలు, ఉర్దూ ముద్రలు వేసిన రసీదులు, అప్పుపత్రములు కట్టలు కట్టలుగా నున్నవి. ఏ సర్వే నంబరున ఎన్ని యెకరముల ఎన్ని గుంటలో, ఎవనికెన్ని పుట్ల వడ్లు బదులిచ్చిరో అన్నియు తెలియుచున్నవి. మా ముత్తాతగారి యెడ్ల జత వెల కూడ తెలియుచున్నది. ఆయనను కని పెంచిన తల్లి పేరు మాత్రము ఎచటను లేదు.

నేను ఉన్నత పాఠశాలలో ఉపాధ్యాయుడను. ఈ లోపము మా యొక్క యింటిదా, అందఱిదా యని తెలిసికొనగోరి తొమ్మిదవ తరగతి పిల్లలను తమ తమ వంశవృక్షములు వ్రాసి తెమ్మంటిని. ఇట్టి పరీక్షకు చంపాపేట తగిన చోటు. నిజాము రాష్ట్రపు దినములలో నిది నగరము చుట్టునున్న అత్రాఫె బల్దా జిల్లాలోని ప్రాంతము. ఆ జిల్లా పల్లెలు పెక్కు నిజాముగారి స్వంత యాస్తియైన సర్ఫెఖాసునకు చెందియుండెను. 1949లో సర్ఫెఖాసు ప్రభుత్వమున విలీనమయ్యెను. తరువాతి కాలమున నగరము తూర్పునకు వ్యాపించెను. 2007లో చుట్టుపట్ల పురపాలకసంఘములు మహానగరపాలక సంస్థలో కలిసెను. నాగార్జునసాగరము బాటను, విజయవాడ బాటను వచ్చు బస్సులు దిగి నల్లగొండ, పాలమూరు జిల్లాల జనులు ఈ పేటలలో నిలిచిపోయిరి. చూచుటకు మేడలు, అంగళ్లు, వాహనముల రొద. కాని ప్రతి యింటి వెనుకను ఒక పల్లె యున్నది.

పిల్లలు తెచ్చిన కాగితములు మూడు విధములుగా నుండెను. భూవసతి కలిగిన యిండ్ల పిల్లలు ఐదారు తరముల మగవారి పేళ్లు వరుసగా వ్రాసి తెచ్చిరి. వానిలో ఆడువారి పేళ్లు తల్లితోను, నాయనమ్మతోను ఆగినవి. రెండవ తరగతివారు, అనగా చిన్న రైతుల, చేతిపనివారల పిల్లలు, తాతవరకు వ్రాసిరి. కూలిజనుల పిల్లలలో కొందఱు తండ్రి పేరు వ్రాసి క్రింద గీత గీసి విడిచిరి. "తాత పేరు?" అని యడుగగా, "మా నాయన చిన్నప్పుడే పోయిండంట సార్" అని యొక బాలుడు తలవంచుకొనెను. వాని తలవంపు నాకు ముల్లువలె నాటినది. ప్రపితామహి పేరెఱుగని నేను వానికంటె నెంత యధికుడను? నాకు పెట్టె యున్నది, వానికి లేదు. భేదమింతియే.

ఈ మఱపు ఎట్లు కలిగినది? మన పెద్దలకు జ్ఞాపకము నిలుపుకొను సాధనములు లేకపోలేదు. వ్రాతకు కరణముల కవిలెలుండెను. కర్నలు మెకంజీ దొర 1821లో మరణించువరకు దక్షిణదేశమున గ్రామచరిత్రలు కూర్పించుచుండగా, కావలి బొఱ్ఱయ్య, లక్ష్మయ్య, రామస్వామి సోదరులు ఊరూర తిరిగి కరణముల వలన కైఫీయతులు వ్రాయించి తెచ్చిరి. నేటికిని మన గ్రామచరిత్రలకు అవి పెన్నిధులు. కాని కవిలె పుట్టినది పన్నుకొఱకు. భూమి కలవాడు, పన్ను కట్టువాడు, మాన్యము పొందినవాడు అందు కనబడును. నాట్లు వేసిన స్త్రీ, చెఱువుకట్టకు మట్టి మోసినవాడు అందు కనబడరు.

ఇందులో నొక వింత కలదు. 1860 నవంబరు 16వ తేదీన మద్రాసునుండి కూలీలతో బయలుదేరిన ట్రూరో యను ఓడ దక్షిణాఫ్రికాలోని దర్బను రేవు చేరెను. అది మొదలు 1911వరకు నేటాలు చెఱకుతోటలకు మనవారు వేలకొలది పోయిరి; వారిలో తెలుగువారును పెక్కండ్రు. ఆ కూలీల పట్టికలలో ఒక్కొక్కరి పేరు, తండ్రి పేరు, వయస్సు, కులము, జిల్లా, తాలూకా, గ్రామము, ఒడలి మీది గుఱుతులు సైతము వ్రాయబడినవి. స్త్రీల పేళ్లును వేఱుగా నున్నవి. ఆ పట్టికలు వ్రాసినవారు కూలి యెచటికైన పాఱిపోవునేమో యని వ్రాసిరి; ప్రేమచేత కాదు. అయినను వాని సాయముతో నేడు అచటి మనుమలు తమ పూర్వుల పల్లెలను వెదకుకొనుచున్నారు. సొంతయూరి కవిలె వ్రాయని పేరును పరదేశపు దొర పట్టిక వ్రాసినది! ఇది మనము సిగ్గుతో తలచవలసిన మాట.

వ్రాతకు వెలియైనవారు నోటిని నమ్ముకొనిరి. తెలంగాణములో పెక్కు కులములకు వారి పుట్టుపూర్వోత్తరములు పాడు ఆశ్రితకులములు కలవు. గొల్లలకు మందహెచ్చులవారు, పద్మశాలీలకు కూనపులివారు, కాపులకు పిచ్చకుంట్లవారు, మాదిగలకు డక్కలివారును చిందువారును, విశ్వబ్రాహ్మణులకు రుంజవారు, చాకలివారికి పటమువారు. వీరిలో కొందఱు చేర్యాల నకాషీలు వ్రాసిన పొడవైన పటములను విప్పి, బొమ్మ బొమ్మకును కథ చెప్పుదురు. గ్రామములను తమలో పంచుకొని, కాలము తప్పక వచ్చి, గోత్రములు చదివి, తమకు రావలసిన కట్నము పుచ్చుకొని పోవుదురు. చదువుకొన్నవారము మనము వీరిని బిచ్చగాండ్రని తలచితిమి. నిజమునకు వీరు ఆయా కులముల చరిత్రకారులు. అయినను వీరి కథలు కులమూలపురుషునివి, వీరులవి. ఇంటి యిల్లాలి దినచర్యకు వానిలోను చోటు తక్కువ.

ఈ లోపమును కనుగొని పూరింప పూనినవారు మనలో లేకపోలేదు. భండారు అచ్చమాంబగారు ఇంటనే చదువు నేర్చుకొని, ఇరువదవ శతాబ్ద ప్రారంభమున 'అబలా సచ్చరిత్ర రత్నమాల' రచించి, స్త్రీలకును చరిత్ర కలదని చూపిరి. ఆమె 1905లో చిన్న వయస్సుననే మరణించుట తెలుగువారి దురదృష్టము. తెలంగాణమున కవులే లేరన్న మాట వినవచ్చినప్పుడు సురవరము ప్రతాపరెడ్డిగారు కోపించి యూరకుండలేదు. ఊరూర వెదకించి, 1934లో 354 మంది కవులతో 'గోలకొండ కవుల సంచిక' ప్రకటించిరి. వెదకకముందు లేరనుట తగదని ఆ గ్రంథము మనకు నేర్పినది. 1949లో వారు ప్రకటించిన 'ఆంధ్రుల సాంఘిక చరిత్ర' రాజులను ప్రక్కకు దీసి జనుల తిండి, బట్ట, ఆట, నమ్మకములను ముందునకు తెచ్చినది. వారు చూపిన బాట మన వాకిటివరకు వచ్చినది. గడప దాటి లోనికి తీసికొనిపోవుట మన పని.

తరగతి కాగితముల మాటకు మరల వత్తును. ఒక బాలిక వంశవృక్షము వ్రాయనేలేదు. దానికి బదులు, "మా నాయనమ్మ చెప్పినది" అని పైన వ్రాసి, రెండు పుటలు నింపి తెచ్చినది. ఆ ముసలమ్మ తల్లి నల్లగొండ ప్రాంతమున నొక పల్లెలో పట్వారీగారి యింట వెట్టి చేసెనట. కోడికూతతో పోయి వాకిలి ఊడ్చి, వడ్లు దంచి, ప్రొద్దుగ్రుంకిన పిదప ఇల్లు చేరునట. కూలి లేదు, మిగిలిన కూడు కొంగున కట్టుకొని వచ్చునట. పిల్లది తన నాయనమ్మ మాటలను తీర్చిదిద్దక ఆమె పలుకుబడిలోనే వ్రాసినది. తరగతిలో అంతకంటె మంచి చరిత్రవ్యాసము నాకు కనబడలేదు. మంచి గుణములు వేసితిని. ఆ పట్వారీ యిల్లు ఎవరిదో యని జాలిపడితినే కాని, అట్టి యిండ్లలో మా యిల్లును ఒకటి కావచ్చునను తలపు అప్పుడు నాకు కలుగలేదు.

వెట్టి యననేమో నేటి పిల్లలకు చెప్పవలసియున్నది. అధికారి యూరికి వచ్చినచో సామానులు మోయుట, దొర యింట నీళ్లు తోడుట, కుమ్మరి కుండలిచ్చుట, చాకలి బట్టలుదుకుట, గొల్ల గొఱ్ఱె నిచ్చుట, ఇవియన్నియు వెలలేకయే జరుగవలెను. 1921లో హైదరాబాదున పుట్టిన ఆంధ్రజనసంఘము వెట్టిని గూర్చి చిన్న పుస్తకములు ప్రకటించి జనులకు నిబంధనలు తెలిపెను. మాడపాటి హనుమంతరావుగారు అందులకు మిక్కిలి పాటుపడిరి. 1930లో జోగిపేటలో ప్రథమాంధ్ర మహాసభ ప్రతాపరెడ్డిగారి యధ్యక్షతను జరిగెను. 1946 జూలై 4న కడివెండిలో దొడ్డి కొమరయ్య తుపాకిగుండునకు బలియైన పిదప పల్లెలు లేచి నిలిచెను. దేశమంతటికి వెట్టిని నిషేధించు శాసనము 1976లో వచ్చినది. ఈ తేదీలను నేను ఏటేట పిల్లలచే వల్లె వేయించుచుంటిని. అవి మా పెట్టెలోని కాగితములకును చెందినవని నాకు తోచలేదు.

సెలవులలో మా తండ్రిగారిని వెంటబెట్టుకొని మా యూరు పోతిని. మా తండ్రిగారి మేనత్త, తొంబదియేండ్లు దాటినది, అచటనే యున్నది. చూపు మందగించినను మాట తప్పలేదు. ఇంటిల్లిపాదియు ఆమెను ముద్దుపేరుతోనే పిలుతురు. మా తండ్రిగారు ఆబ్దికపు సంగతి చెప్పి, "అత్తా, మీ నాయనమ్మ పేరేమి?" అని యడిగిరి. ఆమె నవ్వినది.

"నా పేరేందిరా మరి? ఆమె పేరే గద నాకు పెట్టిండ్రు. మా అమ్మ అత్త పేరు నోట తీయగూడదని నన్ను ముద్దుపేరుతోని పిలిచింది. గదే నిలిచిపాయె."

మా తండ్రిగారు చాలసేపు మాటలాడలేదు. పేరు ఇంటిలోనే, మనిషి రూపముననే, తొంబదియేండ్లుగా తిరుగుచున్నది! అత్త పేరు కోడలు పలుకరాదను గౌరవమే ఆ పేరును కప్పివేసినది. మఱచుట ద్వేషము వలననే జరుగునని తలచుట పొరపాటు; మర్యాద వలనను జరుగును.

అంతటితో లేచి వచ్చిన యెడల ఈ కథ సుఖాంతమగును. కాని పిల్లది వ్రాసిన రెండు పుటలు నా మనస్సున నుండుటచే, "మన యింట వడ్లు ఎవరు దంచెడివారమ్మా?" అని యడిగితిని. ఆమె కొంత తడవు ఊరకుండి, ఒక స్త్రీ పేరు చెప్పినది. తాను ఏడెనిమిదేండ్ల పిల్లగా నున్నప్పుడు తాలూకా అధికారి మకాము వచ్చెనట. ఆ స్త్రీ ప్రసవించి పదిదినములు కాలేదు. అయినను పిలిపించిరి. పసిబిడ్డను అరుగు ప్రక్కన గుడ్డపై పండబెట్టి ఆమె దంచుచుండెను. బిడ్డ యేడ్చినప్పుడు లేవబోగా మా వారు గద్దించిరట. "ఆ పిల్ల ఏడ్పు ఇప్పటికీ వినపడ్తదిరా" అని ముసలమ్మ కన్నులు తుడుచుకొనెను. గద్దించినది మా ముత్తాతగారు. ఊరిలో బావి త్రవ్వించిన పుణ్యాత్ముడని, వచ్చినవారికి అన్నము పెట్టినవాడని మేము ఏటేట చెప్పుకొను మనిషి ఆయనయే.

తిరిగివచ్చునప్పుడు మా తండ్రిగారు, "ఇది వ్రాయవలెనా?" అని యడిగిరి. ఆయన ప్రశ్న న్యాయమైనది. చదువరులలో ననేకులు అదియే యడుగుదురు. పోయినవారి తప్పులు త్రవ్వి యేమి ఫలము? నేడు లేని వెట్టిని తలచి కులముల నడుమ మంట రగుల్చుట యెందులకు? కుటుంబచరిత్ర పిల్లలకు గౌరవము నేర్పవలెను గాని సిగ్గు నేర్పవచ్చునా?

నేనిట్లు విన్నవించితిని. బావి త్రవ్వించుట నిజము, దానిని వ్రాయుదము. గద్దించుట నిజము, దానిని కూడ వ్రాయుదము. ఒకటి వ్రాసి రెండవది విడిచితిమా, మనది పొగడ్త యగును గాని చరిత్ర కాదు. మనము విడిచినంత మాత్రమున అది పోదు. మన యింట మఱచిన దానిని వారి యింట తలచుకొనుచునే యున్నారు. ఆ బాలిక నాయనమ్మ మఱచినదా? ఒక యింట మాత్రమే తెలిసిన నిజము పగగా మాఱును. రెండిండ్లవారును ఒప్పుకొన్న నిజము ఊరి చరిత్ర యగును. మా తండ్రిగారు దీనికి బదులు చెప్పలేదు. ఇల్లు చేరిన పిదప తామే యొక క్రొత్త పుస్తకము తెచ్చి నా ముందుంచిరి.

ఈ పని అసాధ్యము కాదనుటకు నిదర్శనము కలదు. 1986లో స్త్రీశక్తి సంఘటనవారు తెలంగాణ రైతాంగ పోరాటమున పాల్గొన్న స్త్రీలను కలిసికొని, వారి మాటలలోనే వారి జీవితములను వ్రాసికొని, 'మనకు తెలియని మన చరిత్ర' యను గ్రంథముగా ప్రకటించిరి. అప్పుడు అడుగకపోయిన యెడల ఆ మాటలలో ననేకము వారితోనే మట్టిలో కలిసియుండును. మన యిండ్లలోని వృద్ధులకును గడువు అంతంతమాత్రమే.

కావున చదువరులైన గృహస్థులకును, ముఖ్యముగా సోదరీమణులకును నా మనవి యిది. ప్రతి యింట నొక పుస్తకము పెట్టుడు. మొదట స్త్రీల పేళ్లు వ్రాయుడు: పుట్టినింటి పేరు, ముద్దుపేరు, పుట్టిన యూరు, కన్న బిడ్డలెందఱు, బ్రదికినవారెందఱు. వృద్ధులకు సంవత్సరములు తెలియకున్న పెద్ద సంఘటనలతో ముడిపెట్టి యడుగుడు: 1908 మూసీ వఱదకు ముందా వెనుకా? 1948 పోలీసు చర్యనాటికి చంకలో బిడ్డ యుండెనా? పాత కాగితములలోని ఫసలీ సంవత్సరమునకు 590 కలిపిన క్రీస్తుశకము వచ్చును. ముసలమ్మలను పదిమంది మగవారి నడుమ కూర్చుండబెట్టి యడుగకుడు. పప్పు ఏరుచున్నప్పుడు, మనుమరాలి తల దువ్వుచున్నప్పుడు అడుగుడు. వారి పలుకుబడిని దిద్దకుడు. చేతిలోని ఫోనుతో వారి గొంతును కూడ పట్టి యుంచుడు. చివరి పుటలను మన యింట పాటుపడినవారికి కేటాయించుడు: మంత్రసాని, జీతగాడు, వడ్లు దంచిన యామె. వారి సంతతివారు దొరకిన యెడల పోయి అడిగి, వారు చెప్పినదే వ్రాయుడు.

మేము అట్లే చేసితిమి. ఆ స్త్రీ మనుమడు ఈ నగరముననే యున్నాడని తెలిసి నేను పోయి కలిసితిని. మా యింటి మాట నేనే మొదట చెప్పితిని. ఆయన విని, "మాకు ఎఱుకే సార్. మా అవ్వ చెప్పేది. మీ యింటోళ్లు వచ్చి చెప్తరనుకోలే" అనెను. టీ తెప్పించి యిచ్చెను. క్షమించితినని ఆయన యనలేదు, నేనును అడుగలేదు. అరుగు ప్రక్కన ఏడ్చిన బిడ్డ తన తండ్రియే యని మాత్రము చెప్పి, ఆయన పేరు నా పుస్తకములో తన చేతితో వ్రాసెను. ఆ పేళ్లు వారివి గనుక ఇచట ప్రకటింపను.

ఈ సంవత్సరము మా నాయనమ్మగారి ఆబ్దికమునాడు పురోహితుడు మూడవ పేరు అడుగగానే మా తండ్రిగారు తడబడక చెప్పిరి. మేనత్తగారు ఊరినుండి వచ్చి గుమ్మము ప్రక్కన కూర్చుండియుండెను. తన పేరు మంత్రములో వినబడగానే ఆమె ఉలికిపడి, తరువాత చేతులు జోడించెను. భోజనములైన పిదప మా చిన్నది ఆ పుస్తకము తెఱచి, అరుగు ప్రక్కన పండుకొన్న బిడ్డ యెవరని మా తండ్రిగారి నడిగినది. ఆయన దానిని దగ్గఱ కూర్చుండబెట్టుకొని మొదటినుండి చెప్పనారంభించిరి.